చదువు కూటాల లెక్కలో లేని మనిషి

ఊళ్ళో పదిమందీ కూడి ఒక పుస్తకం చదువుకుని, దాని గురించి మాట్లాడుకుంటామంటే కొంత డబ్బిస్తామనే సంస్థలు ఉన్నాయి. మానవ హక్కుల గురించి తెలుసుకోవడానికి చదువు కూటాలు పెట్టుకోమంటాయి. ఈ ఆలోచన కొత్తదీ కాదు, చెడ్డదీ కాదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం కింది స్థాయి బృందాలకు ఇలాంటి చిన్న గ్రాంట్లిచ్చే పథకాన్ని 1998లోనే మొదలుపెట్టింది. మన దేశంలో కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి గ్రంథాలయాలకు సాయం చేస్తోంది. ఇవి కాక స్వచ్ఛంద సంస్థలు తమ నిధుల్లోంచి అయిదు వేలో పది వేలో ఇస్తుంటాయి. గుమ్మలక్ష్మీపురం మండలంలో కొండ మీది బడుల్లో పనిచేస్తున్న మా చేతికి కూడా ఆ దరఖాస్తు ఫారాలు వస్తుంటాయి. మేష్టార్లం కాబట్టి వాటిని నింపిపెట్టే పని మాదే.

కథను, కవిత్వాన్ని విమర్శకు పెడతాం కానీ ఫారాన్ని ఎవరూ పెట్టరు. ఫారం కూడా ఒక రచనే. దానికీ రచయిత ఉంటాడు, అతను మనసులో ఊహించుకున్న పాఠకుడు ఉంటాడు. గ్రాంటు ఫారం ఊహించుకున్న పాఠకుడు తెలుగు చదువుతాడు, మౌనంగా తనలో తాను చదువుకుంటాడు, కరెంటు పోని గదిలో కుర్చీ మీద కూర్చుంటాడు, చదివాక 'అభిప్రాయం' చెబుతాడు. ఆ మనిషి మంచివాడే. మా ఊళ్ళలో మాత్రం మాకు ఇంతవరకూ కనిపించలేదు.

మొదటి పేజీలోనే ఆ ఊహ బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ నంబరు, పాన్ కార్డు, సంఘం పేరున బ్యాంకు ఖాతా, ఆడిట్ లెక్క అడుగుతారు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏడుగురు దొరకరని కాదు, ఊరే కూర్చుంటుంది. కానీ కూర్చున్న ఊరికి నంబరు లేదు. అందుకని గ్రాంటు కింద పట్నంలోని సంస్థకి వెళ్తుంది, అక్కడి నుంచి పుస్తకాల పెట్టె అయి మాకు చేరుతుంది. విదేశీ నిధులైతే ఆ దారి కూడా ఇప్పుడు మూసుకుపోయింది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించాక, ఆ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల హద్దు కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థ చేతిలోంచి చిన్న సంఘానికి చిన్న మొత్తం అందడమనేది ఒక దెబ్బతో ఆగిపోయింది. ఢిల్లీలో జరిగిన సవరణ మా పుస్తకాల పెట్టెదాకా వస్తుందని ఎవరనుకుంటారు!

సరే, ఎలాగో పెట్టె వచ్చిందనుకుందాం. అందులో ఏముంటుంది?

మేము చూసిన పెట్టెల్లో ఎక్కువగా రంగుల అట్టల చిన్న పుస్తకాలుంటాయి. అటవీ హక్కులు, పిల్లల హక్కులు, సమాచార హక్కు, పీసా చట్టం. రాసినవారి ఉద్దేశం మీద మాకు అనుమానం లేదు. వాళ్ళు కథ నడిపిన తీరు మీదే మా పేచీ. దాదాపు అన్నింటిలోనూ ఒకే ఎత్తుగడ. ఊరికి ఒక సారు వస్తాడు, లేదా మేడమ్ వస్తుంది. రచ్చబండ దగ్గర జనం చేరతారు. "మాకేటి తెలుసు బాబూ" అని ఒక ముసలాయన అడుగుతాడు. సారు చెబుతాడు. జనం చప్పట్లు కొడతారు. అడిగేది ఎప్పుడూ ఆదివాసి, చెప్పేది ఎప్పుడూ బయటివాడు. హక్కు గురించిన పుస్తకంలో హక్కుదారుకి దక్కిన పాత్ర ప్రశ్నార్థకం ఒక్కటే. బొమ్మల్లోనేమో భుజాన విల్లు తప్పదు. రేషన్ డిపో దగ్గర వేలిముద్ర పడక నిలబడిన మనిషి బొమ్మ మాకు ఒక్కచోటా కనపడలేదు.

మాటలు కూడా చూడాలి. మేము చూసిన ఒక పుస్తకం అటవీ హక్కుల చట్టాన్ని వివరిస్తూ పోడు చేసుకునేవారిని ఆక్రమణదారులంది. ఆ చట్టం తన పీఠికలోనే మనకు జరిగినదాన్ని చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. చట్టమే మానేసిన తిట్టును చట్టం గురించి చెప్పే పుస్తకం తిరిగి తెచ్చింది. ఇంకోచోట 'సాముదాయిక అటవీ వనరు', 'స్వాధీనానుభవం', 'సంప్రదాయక నివాసితులు' లాంటి మాటలు వరసగా పేర్చేశారు. డైట్‌లో చదువుకుని వచ్చిన మాకే అవి రెండోసారి చదివితే గానీ ఎక్కలేదు. 'హక్కు' అన్న మాట సంగతే చూడండి. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. తెలుగువాళ్ళూ దాన్ని అరువు తెచ్చుకున్నవాళ్ళే. మా పెద్దలకు ఆ మాట చెప్పాలంటే ఏ చింతచెట్టు కాయ ఏ ఇంటిది, ఏ గెడ్డ నీళ్ళు ఏ మడికి ముందు, అక్కడి నుంచి ఎత్తుకోవాలి. అది వాళ్ళకు బాగా తెలిసిన విద్య. ఆ కొస పట్టుకుంటే కూటంలో మాట్లాడేది వాళ్ళే, మేము వినాలి. ఏ పుస్తకమూ అక్కడి నుంచి మొదలవలేదు.

పెట్టెలో లేనివి కూడా చెప్పాలి. మా మండలం నుంచే వచ్చిన మల్లిపురం జగదీశ్ కథల సంపుటి 'శిలకోల' లేదు. భూషణం 'కొండగాలి' లేదు. కథలు హక్కుల చదువు కిందికి రావని ఎవరో తీర్మానించినట్టుంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. డీఎడ్ చదివి ఇంటిదగ్గర కూర్చున్న మా పిల్లలందరి బతుకునీ తాకిన తీర్పు అది. ఆ తీర్పులో ఏముంది, ఎందుకలా అంది, ఇక ఏ దారి మిగిలింది అని తెలుగులో పది పేజీల పుస్తకం మాకు వచ్చిన ఏ పెట్టెలోనూ లేదు. పొగాకు నష్టాల మీద మాత్రం మూడు రకాలున్నాయి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాం. పుస్తకం ఎంత మంచిదైనా మా ఊళ్ళలో అది తెలుగు పుస్తకమే. సవర ఊళ్ళో పెద్దలు సవరలో ఆలోచిస్తారు. కువి మాట్లాడే ఇళ్ళలో కువిలో. జాతాపు ఊళ్ళు చాలావరకు తెలుగులోకి వచ్చేశాయి గానీ ఆఫీసు తెలుగు వాళ్ళ తెలుగు కాదు. కాబట్టి కూటంలో పుస్తకం చదవడమంటే ఒకరు చదివి, ఆపి, ఇంకో భాషలోకి మార్చి చెప్పి, వాళ్ళడిగినదాన్ని తిరిగి తెలుగు చేసి మళ్ళీ పుస్తకంలో వెతకడం. ఈ పని చేసే మనిషి లేకపోతే కూటం లేదు. ఆ మనిషిని దుబాసి అందాం, పాత మాటే అయినా సరిగ్గా సరిపోతుంది.

ఒక సవర ఊళ్ళో మేము చూసింది చెబుతాం. అక్కడ దుబాసి ఒక పాతికేళ్ళ అమ్మాయి. ఇంటర్ మధ్యలో ఆగింది, ఒళ్ళో చంటిపిల్ల. పెట్టెలోంచి ఆ నెలకు నిర్ణయించిన పుస్తకం పిల్లల హక్కుల మీద. దాన్ని తెరిచేలోపే ఒకామె ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కాగితాలు తెచ్చి చాప మీద పెట్టింది. అటవీ హక్కు దరఖాస్తు తిరస్కరించారు, సాక్ష్యం చాలదని. ఆ రాత్రి పిల్లల హక్కులు పక్కకెళ్ళాయి. ఆ అమ్మాయి అటవీ హక్కుల నిబంధనల పుస్తకం తీసి 13వ నిబంధన దగ్గర ఆగింది. 2008 నాటి ఆ నిబంధన ఏవేవి సాక్ష్యమో వరసగా చెబుతుంది. సర్కారు రికార్డులు సరే. గట్లు, గుడిసెలు, పాత బావులు, శ్మశానాలు కూడా సాక్ష్యమే. దరఖాస్తు పెట్టినవారు కాక వేరే పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. వీటిలో ఒకటికి మించి ఉండాలి.

దీన్ని సవరలో చెప్పేసరికి అరగంట పట్టింది. పక్కింటి ముసలమ్మ నమ్మలేదు. నా మాట కాగితమెలా అవుతుంది అని అడిగింది. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. అప్పుడు ముసలమ్మ ఆ మెట్ట మీద తన మామని ఎక్కడ పూడ్చారో, పక్కన ఏ ఇప్పచెట్టు ఉండేదో, ఏ ఏడాది గెడ్డ పొంగి గట్టు తెగిందో చెప్పుకుంటూ పోయింది. ఇంకో ఇద్దరు సరిదిద్దారు. అమ్మాయి తెలుగులో రాసింది, మేము శుభ్రంగా తిరిగి రాశాం. పై కమిటీకి చెప్పుకోవడానికి 60 రోజుల గడువుంది. నిర్ణయం తేదీ నుంచి వేళ్ళ మీద లెక్కపెడితే ఇంకా పదకొండు మిగిలాయి. అప్పీలు ఇచ్చారు, రసీదు తీసుకున్నారు. పట్టా ఇంకా రాలేదు. రసీదు మాత్రం అదే కవరులో ఉంది.

మూడు రాత్రుల్లో ఆ కూటం చదివింది నాలుగు పేజీలు. గ్రాంటు నివేదికలో గడులు ఇవి: చదివిన పుస్తకాల సంఖ్య, హాజరు, ఫొటోలు. మేము 'సున్నా', '23', 'రెండు' అని నింపాం. ఫొటోలో అందరూ పుస్తకం తెరిచి పట్టుకుని ఉండాలని ఆ సంస్థ వారు ముందే చెప్పారు. పట్టుకున్నారు. ఒకరిద్దరు తలకిందులుగా పట్టుకున్నారు, అది వేరే సంగతి.

2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విద్య మీద చేసిన ప్రకటన ఈ చదువుకు మూడు ముఖాలుంటాయంది. హక్కుల గురించి చదవడం, హక్కులను గౌరవించే పద్ధతిలో చదవడం, హక్కుల కోసం నిలబడగలిగేలా చదవడం. గ్రాంటు ఫారం మొదటిదాన్నే లెక్కపెడుతుంది. ఆ సవర ఊళ్ళో రాత్రి జరిగింది మిగిలిన రెండూ. చట్టం ముసలమ్మ నోటిమాటను సాక్ష్యంగా తీసుకుంటుంది గానీ గ్రాంటు తీసుకోదు.

ఈ కొండల్లో దుబాసి కనిపించకుండా పోవడం ఇప్పటిది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం గౌరవంగానే తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవరలకు బడులు పెట్టారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలు అచ్చువేసి ప్రతిఫలం ఇవ్వబోతే, తనకు డబ్బు వద్దనీ, దానితో బడి పెట్టమనీ, తాను పెట్టే బడులకు గ్రాంట్లు ఇమ్మనీ అడిగారని చెబుతారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అయితే ఆయనకు ఆ భాష నేర్పింది ఎవరు? రెండు భాషలూ వచ్చిన ఒక సవరాయన్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారని పాఠాల్లో ఉంటుంది. ఆయన పేరు మేము బళ్ళో చెప్పే ఏ పాఠంలోనూ లేదు. పంతులు గారికి భోజనం పెట్టి నేర్చుకోవాలని తెలుసు. ఇప్పటి గ్రాంటుకి ఆ సంగతి కూడా తెలియదు.

లెక్క వేసి చూపిస్తాం. ఒక కూటానికి ఏడాదికి 10,000 రూపాయలనుకుందాం. మామూలుగా ఇది పుస్తకాలకు ఆరేడు వేలు, బ్యానరుకు, ప్రారంభోత్సవం రోజు టీకి, బిస్కెట్లకు, ఫొటోలకు, వచ్చిపోయే వారి బస్సు చార్జీలకు మిగతాది అన్నట్టు పోతుంది. చదివి చెప్పే మనిషికి గడి లేదు, ఆ పని 'స్వచ్ఛందం'. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. వారానికొక రాత్రి కూర్చోబెట్టే మనిషికి అందులో సగం ఇద్దాం, 150. ఏడాదిలో 48 వారాలు కూర్చుంటే 7,200 అవుతుంది. దీపానికి, జిరాక్సులకు 1,800. పుస్తకాలకు 1,000. వెయ్యి రూపాయల పుస్తకాలేం సరిపోతాయంటారా? నాలుగు పేజీలకు మూడు రాత్రులు పట్టే చోట అవి రెండేళ్ళు వస్తాయి.

డబ్బిస్తే సేవాభావం పోతుందని కొందరు మాతో వాదించారు. వాదించిన వారందరికీ నెల జీతాలున్నాయి. అయినా ఆ మాటలో కొంత పస ఉంది, కొట్టిపారేయం. 2009 సెప్టెంబరులో మొదలైన సాక్షర భారత్‌లో ఊరి సమన్వయకర్తలకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. 2018 మార్చితో పథకం ఆగింది. వేతనంతో పాటే మా దగ్గరి కేంద్రాలకు తాళాలు పడ్డాయి. మేము చూసింది ఏమిటంటే, ఆ డబ్బు పైనుంచి నేరుగా మనిషికి వచ్చేది, ఊరికి దానితో సంబంధం లేదు. మనిషి ఊరికి కాక పథకానికి జవాబుదారీ అయ్యాడు. కూలి ఊరి చేతిలో ఉంటే, కూర్చున్న రాత్రికే ఇస్తే, ఎవరు బాగా చెబుతారో వాళ్ళనే పిలుచుకుంటారు. ఈ వారం ఆ అమ్మాయి, వచ్చే వారం ఇంకొకరు. పోస్టు అన్న మాటే అక్కర్లేదు.

మరోవైపు నెల్లూరు సంగతి అందరూ చెబుతారు, చెప్పదగిందే. 1990లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. సారాను తరిమిన ఆడవాళ్ళ గురించి వాచకంలో ఒక పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్ళు దాన్ని తమ ఊరి సారా దుకాణంతో పోల్చి చూసుకున్నారు. 1992కల్లా అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. పుస్తకంలోని మాటను ఊళ్ళోని వస్తువు పక్కన పెట్టి చూడటమే చదువు కూటమంటే. కాగితాల కవరు తెచ్చిన ఆ సవర తల్లి చేసిందీ అదే. తేడా ఒక్కటి. నెల్లూరు పాఠం ఆ ఆడవాళ్ళ తెలుగులోనే ఉంది. మాకు మధ్యలో ఒక నోరు కావాలి.

మాతృభాషలో వాచకాలు లేవని కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, 240 బడులతో ఆ ప్రయోగం మొదలైంది. చిన్న పిల్లల పాఠాలదాకా వచ్చి నిలిచింది. అడవి చట్టం, భూమి చట్టం ఆ భాషల్లో రాసుకోవడానికి అదొక మంచి పునాది. రాయగలిగిన టీచర్లు మాలోనే ఉన్నారు. రాసిన పేజీకి కూలి ఇచ్చే గ్రాంటు మాకు ఇంకా తగల్లేదు.

ఇక్కడ హక్కుల చదువు గ్రాంట్లతో మొదలు కాలేదని కూడా గుర్తుపెట్టుకోవాలి. 1960లలో గిరిజన సంఘం రాత్రి కూటాల్లో పుస్తకాలు తక్కువ. షావుకారు తూకం, పుట్టికి ఎంత వడ్డీ, వెట్టి ఎందుకు చెయ్యాలి అన్నవే పాఠాలు. సంఘం కట్టినవారిలో వెంపటాపు సత్యం బడి పంతులు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చితే కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత ఉద్యమం పట్టిన దారి మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందే అనుకోవాలన్న 1/70 ఆ రోజుల తర్వాతే వచ్చింది. ఆ చట్టాన్ని చదువు కూటంలో చదివేటప్పుడు మా ఊళ్ళలో పెద్దలు పేజీ కంటే ముందే కథ చెప్పేస్తారు. అప్పుడు దుబాసి పని తలకిందులవుతుంది. ముసలివాళ్ళు చెప్పింది పుస్తకంలో ఎక్కడుందో వెతికి చూపించాలి.

ఇక కాలం సంగతి. గ్రాంటు ఉత్తర్వు ఎక్కువగా మార్చిలో అందుతుంది, నెలాఖరులోగా ఖర్చు చూపించమంటారు. మార్చిలో మా ఊళ్ళు చింతచెట్ల మీదా జీడితోటల్లోనూ ఉంటాయి. ఆ పండు సంతకో జీసీసీకో చేరితేనే ఏడాది ఉప్పూ మిరపా. తొలకరికి కొండపోడు. కందికొత్తలు అయ్యాక కొన్నాళ్ళు, వానాకాలం నాట్లు ముగిశాక కొన్నాళ్ళు, అంతే రాత్రులు తీరిక. కూటం ఏడాదిని ఆ లెక్కన రాసుకోనివ్వండి. 'చదివిన పుస్తకాల సంఖ్య' పక్కన 'ఊరు తెచ్చిన కాగితాలు' అని ఒక గడి, 'దుబాసి కూలి' అని ఇంకో గడి గీయండి. ఈసారి ఫారం వస్తే ఆ రెండు గడులూ మేమే పెన్నుతో గీసి, నింపి పంపుతాం.